బ్రెడ్డు గుజ్జుతో అచ్చు, గంధకంతో పోత: 16వ శతాబ్దపు ఫ్రెంచి పద్ధతిని మళ్ళీ చేసి చూడడం ఎలా

పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో 'ఫ్రెంచి 640' అనే సంఖ్యతో ఒక రాతప్రతి ఉంది. 16వ శతాబ్దం చివర్లో టులూజ్ ప్రాంతంలో రాసినది. రాసినవాడి పేరు అందులో లేదు. పోతపని, రంగులు, వార్నిష్‌లు, పాముల్నీ బల్లుల్నీ ఉన్నవి ఉన్నట్టు లోహంలో పోయడం వంటి పనుల గురించి వందల కొద్దీ చిన్న చిన్న రాతలున్నాయి. 140వ పత్రం వెనకవైపు ఉన్నవి బ్రెడ్డుతో అచ్చు తీయడం గురించి. బ్రెడ్డు లోపలి మెత్తటి గుజ్జును నిప్పుల కింద 'నీకు తెలిసినట్టే' సిద్ధం చేసుకో, కావలసిన వస్తువును అందులో అద్దు, ఆరనియ్యి, గంధకం పొయ్యి, పని శుభ్రంగా వస్తుంది. పని చేసే తీరు గురించి చెప్పింది ఇంతే. కొలతలు లేవు, వేడి ఎంతో లేదు, ఎంతసేపు ఆరాలో లేదు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో పామెలా స్మిత్ నడిపిన 'మేకింగ్ అండ్ నోయింగ్' ప్రాజెక్టు 2020లో ఈ రాతప్రతిని అనువాదంతో సహా ఆన్‌లైన్‌లో పెట్టింది. అప్పటినుంచి మూలం ఎవరైనా చదువుకోవచ్చు. చదివినవాళ్ళు పని మొదలుపెట్టగానే ఎక్కడ ఆగిపోతారో అక్కడికి పనికొచ్చే వివరాలు ఇవి.

ఈ పనిలో అన్నీ తేమ చుట్టూనే తిరుగుతాయి. గుజ్జులో నీరు ఎక్కువుంటే గీత బాగా పడుతుంది, పోత బుడగలెత్తుతుంది. నీరు తగ్గితే పోత నున్నగా వస్తుంది, అచ్చు కుంచించుకుపోతుంది. ఏ దశలో ఎంత నీరు ఉండాలో తెలిస్తే మిగతాదంతా చేతి అలవాటు.

ముందు జాగ్రత్తలు

కరిగిన గంధకం తేలిగ్గా తీసుకునే వస్తువు కాదు. అంటుకుంటే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది, అది ఊపిరితిత్తుల్ని కోస్తుంది. బ్రెడ్డు, మైనం వంటి సేంద్రియ పదార్థాలతో కలిసి ఎక్కువ వేడెక్కితే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా పుడుతుంది. దాని కుళ్ళిన గుడ్డు వాసన కాసేపటికి ముక్కుకు తెలియడం మానేస్తుంది కాబట్టి వాసన పోయిందని ధైర్యపడకూడదు. ఆరుబయట, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి చేయండి. లేదంటే ప్రయోగశాలలోని ఫ్యూమ్ హుడ్‌లో (విషవాయువుల్ని బయటికి లాగేసే గూటిలో) చేయండి. వంటింట్లో వద్దు. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఈ పనికి దూరంగా ఉండాలి.

మంట కనిపించే పొయ్యి వాడకండి. కాయిల్ బయటికి కనిపించని విద్యుత్ హాట్‌ప్లేట్, చిన్న స్టీలు గిన్నె లేదా ప్రయోగశాల గాజు బీకరు, 200 డిగ్రీల దాకా చూపే థర్మామీటరు కావాలి. రాగి, వెండి పాత్రలు గంధకంతో నల్లబడి పాడవుతాయి. గిన్నెకు సరిగ్గా సరిపోయే లోహపు మూత పక్కనే పెట్టుకోండి. గంధకం అంటుకుంటే మూత వేసి హాట్‌ప్లేట్ ఆపి దూరంగా జరగండి. నీళ్ళు గుమ్మరిస్తే మరిగే గంధకం చిమ్ముతుంది. మూత అందకపోతే పొడి ఇసుక పోయండి. కళ్ళద్దాలు, తోలు చేతితొడుగులు, పొడుగు చేతుల నూలు బట్టలు, ఆమ్ల వాయువుల్ని ఆపే ఫిల్టరున్న మాస్క్ ఉండాలి. ఒక్కసారికి 200 గ్రాములకు మించి కరిగించే అవసరం ఈ పనిలో రాదు.

ఒక మాట మరీ గట్టిగా చెప్పాలి. కరిగిన లోహాన్ని బ్రెడ్డు అచ్చులో ఎప్పుడూ పోయకూడదు. తక్కువ వేడికే కరిగే తగరం కూడా గుజ్జులోని నీటిని ఒక్కసారిగా ఆవిరి చేసి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. లోహపు పోత కావాలంటే దారి వేరే ఉంది, చివర్లో చెబుతాం.

బ్రెడ్డు

దుకాణంలో ముక్కలు కోసి అమ్మే బ్రెడ్డు పనికిరాదు. అందులో నూనె, చక్కెర, మెత్తదనం నిలిపే పదార్థాలు ఉంటాయి. గుజ్జు ముద్దగా అవుతుంది గానీ ఆరేటప్పుడు గట్టిపడక జిగటగా ఉండిపోతుంది. కావలసింది మైదా, నీరు, ఉప్పు, పులిసిన పిండిముద్ద, ఈ నాలుగే. తవుడు ఉన్న పిండి వద్దు. తవుడు పలుకు ఒక్కటి అచ్చు ముఖం మీద, అంటే బొమ్మ దిగే వైపు, పడినా పోతలో గుంటగా కనిపిస్తుంది.

మైదా 500 గ్రాములు, నీరు 270, సమానంగా పిండి, నీరు కలిపి పులియబెట్టిన ముద్ద 150, ఉప్పు 8. నీరు కావాలనే తక్కువ పెట్టాం. పిండి గట్టిగా ఉంటే పెద్ద రంధ్రాలు రావు. పది పన్నెండు నిమిషాలు బాగా పిసకండి. మొదటిసారి రెట్టింపు దాకా పొంగనివ్వకుండా ఒకటిన్నర రెట్లకే ఆపి, గాలంతా పోయేలా అణచి, బిగుతుగా ఉండ చుట్టండి. రెండోసారి కొద్దిగా పొంగగానే 220 డిగ్రీల ఓవెన్‌లో పెట్టండి. దాదాపు 40 నిమిషాలు పడుతుంది. నడుమ థర్మామీటరు గుచ్చితే 96 డిగ్రీలు చూపాలి. 90 దగ్గరే తీసేస్తే నడిమి భాగం పచ్చిగా, బంకగా ఉండి వస్తువుకు అంటుకుంటుంది.

ఓవెన్ నుంచి అప్పుడే తీసిన బ్రెడ్డు మేలని రాతప్రతి చెబుతుంది. కారణం పిండిలోని స్టార్చ్ (పిండిపదార్థం). వేడికి నీరు పీల్చి ఉబ్బిన స్టార్చ్ వెచ్చగా ఉన్నంతసేపూ సాగుతుంది. చల్లారే కొద్దీ దాని అణువులు మళ్ళీ వరుస కట్టి గట్టిపడతాయి, అప్పుడు గుజ్జు పొడిపొడిగా రాలుతుంది. మరుసటి రోజు బ్రెడ్డే చేతిలో ఉంటే రేకులో చుట్టి 150 డిగ్రీల్లో వెచ్చబెట్టండి. నడుమ 70 డిగ్రీలు దాటితే ఆ గట్టిదనం చాలావరకు పోతుంది. ఆ మెత్తదనం ఎక్కువసేపు నిలవదు కాబట్టి బయటికి తీసిన వెంటనే వాడేయాలి. రాతప్రతిలో నిప్పుల కింద గుజ్జును సిద్ధం చేయమన్న మాటను ఈ లెక్కలోనే అర్థం చేసుకోవచ్చు.

అచ్చు తీయడం

మొదటిసారికి పతకంలాంటి చదునైన వస్తువు ఎంచుకోండి. వ్యాసం 5 సెంటీమీటర్లు, ఎత్తు 3, 4 మిల్లీమీటర్లు ఉంటే చాలు. అంచులు లోపలికి మడిగిన చోట్లు, కిందికంటే పైన వెడల్పుగా ఉన్న భాగాలు ఉండకూడదు. అలాంటి చోట గుజ్జు ఇరుక్కుని, వస్తువు తీసేటప్పుడు చిరుగుతుంది. పాత నాణేలు, పాత కంచు పతకాలు వాడకండి. పులిసిన బ్రెడ్డులో ఆమ్లం, ఉప్పు, వేడి తడి మూడూ ఉన్నాయి, లోహం రంగు మారుతుంది. రెజిన్ నకలు గానీ, మైనం రుద్దిన చెక్క గానీ మంచిది. ప్లాస్టర్ వస్తువైతే ముందు లక్క పూత వేయాలి, లేకపోతే తేమ పీల్చి గుజ్జును పట్టేసుకుంటుంది.

బ్రెడ్డు తీసిన పది నిమిషాలకు విరవండి. పైపెంకు, దాని కింద సెంటీమీటరు మందం వదిలేసి నడిమి గుజ్జు తీసుకోండి. చేతితొడుగు వేసుకునే తీయండి, లోపల అప్పటికింకా చేయి కాలేంత వేడి ఉంటుంది. ఒక అచ్చుకు 150 గ్రాములు కావాలి. పైన చెప్పిన కొలత బ్రెడ్డులో మూడు అచ్చులు వస్తాయి. గుజ్జును రెండు అరచేతుల మధ్య నొక్కుతూ, మడుస్తూ, రంధ్రాలన్నీ మూసుకుపోయేదాకా పిసకండి. నిమిషంన్నరలో అయిపోవాలి. ముద్ద తెల్లదనం తగ్గి కొంచెం పారదర్శకంగా, రబ్బరులా అయితే సరైన స్థితికి వచ్చినట్టు. ముడతలేవీ లేని నున్నటి వైపును పైకి పెట్టి 8 సెంటీమీటర్ల వెడల్పు, రెండున్నర సెంటీమీటర్ల మందం బిళ్ళ చేయండి.

ఇక్కడే ఎక్కువమంది పని చెడుతుంది. వస్తువు మీద గుజ్జు పరిచి వేళ్ళతో నొక్కితే ప్రతి వేలూ ఒక చోట గాలిని బంధిస్తుంది. అలా కాకుండా బిళ్ళను నడుమ కాస్త ఉబ్బుగా చేసి బల్ల మీద పెట్టి, వస్తువు ముఖం కిందికి తిప్పి, నడుమ నుంచి అంచులకు గాలి పోయేలా ఒకే నెమ్మదైన ఒత్తిడితో దించండి. వస్తువు అంచు కన్నా 4, 5 మిల్లీమీటర్లు గుజ్జు పైకి లేచి గట్టులా నిలవాలి. ఆ గట్టే పోత మందాన్ని నిర్ణయిస్తుంది. వస్తువు మీద అరకిలో బరువు పెట్టి ఐదు నిమిషాలు ఉంచండి. పత్తితో నూనె రాసి మళ్ళీ పొడిగుడ్డతో తుడిచేసిన వస్తువైతే తేలిగ్గా వదులుతుంది. నూనె కంటికి కనిపించేంత ఉంటే సన్నటి గీతలు పూడిపోతాయి.

తీసేటప్పుడు వస్తువును పైకి లాగకండి. అచ్చు అంచుల్ని నాలుగు వైపులా కొద్దిగా బయటికి వంచితే గాలి లోపలికి దూరి వస్తువు తనంతట తానే వదులుగా అవుతుంది. ఈ వంగే గుణమే బ్రెడ్డు అచ్చు గొప్పదనం, ప్లాస్టర్‌కు ఇది లేదు.

అదే పరిమాణమా, చిన్నదా

రాతప్రతిలో ఆశ్చర్యం కలిగించే విషయం ఇదే. ఆరితే గుజ్జు ముడుచుకుంటుంది, దానితో బొమ్మా చిన్నదవుతుంది. పెద్ద పతకం నుంచి చిన్న పతకం చేసే ఉపాయంగా రాసినవాడు దీన్ని చెప్పాడు. అద్దిన గుజ్జును సాగదీసి, వెడల్పు చేసి, ఒక్క బొమ్మ నుంచి రకరకాల బొమ్మలు రాబట్టవచ్చనీ అన్నాడు.

ఎంత ముడుచుకుంటుందో లెక్క వేసుకోవచ్చు. 100 గ్రాముల గుజ్జులో దాదాపు 44 గ్రాములు నీరు. గది గాలిలో పూర్తిగా ఆరాక పన్నెండు శాతం నీరు మిగులుతుందనుకుంటే బరువు 64 గ్రాములకు దిగుతుంది. పోయిన నీటి చోటంతా మూసుకుపోతే పొడవులో, వెడల్పులో 18 శాతం దాకా తగ్గాలి. అది పై హద్దు. పైపొర ముందే గట్టిపడి లోపల ఖాళీలు మిగిలిపోతాయి కాబట్టి నిజంగా వచ్చేది దానికంటే తక్కువే. పది శాతం తగ్గిందనుకుంటే 50 మిల్లీమీటర్ల పతకం 45 అవుతుంది. ఆ 45ని మళ్ళీ కొత్త గుజ్జులో అద్ది ఆరబెడితే దాదాపు 40కి వస్తుంది. ప్రతిసారీ కొంత పదును పోతుంది. మూడోసారికి అక్షరాలు నిలవవు, ముఖాలు నిలుస్తాయి.

ఆరబెట్టేటప్పుడు తొందరపడితే అచ్చు పోయినట్టే. ఎండలోనో ఓవెన్‌లోనో పెడితే ముఖం ముందు ఆరి, వెనక తడిగా ఉండి, అచ్చు గిన్నెలా వంగిపోతుంది, లేదా నడుమ నెర్రె విడుస్తుంది. జల్లెడ లాంటి తీగల పళ్ళెం మీద నీడలో పెట్టి, మొదటి రోజు మూడు నాలుగు గంటలకోసారి తిప్పండి. మొదటి ఆరు గంటలు పలుచటి నూలుగుడ్డ కప్పితే పైపొర ఒక్కసారిగా బిగుసుకోదు. రోజూ తూకం వేయండి. వరుసగా రెండు రోజులు బరువు మారకపోతే ముడుచుకోవడం అయిపోయినట్టే. గాలిలో తేమ బాగా ఉన్న రోజుల్లో రెండో రోజుకే బూజు పడుతుంది. ఫ్యాను గాలి దూరం నుంచి తగిలేలా పెట్టండి. బూజు పట్టిన అచ్చు తుడిచినా పనికిరాదు, పోగులు ముఖం మీద గీతలు పెడతాయి.

అదే పరిమాణం కావాలంటే పైపొర మాత్రమే ఆరితే చాలు. అద్దిన గంటకో గంటన్నరకో వేలు ఆనిస్తే చల్లగా, తడిగా అనిపించకూడదు, కానీ వంచితే అచ్చు వంగాలి. అంతకుముందే పోస్తే 120 డిగ్రీల గంధకం తగలగానే నీరు ఆవిరై ముఖమంతా సూదిమొన గుంటలు వస్తాయి.

సాగదీయడం మాత్రం వస్తువు తీసిన వెంటనే, వెచ్చదనం ఉన్నప్పుడే చేయాలి. బల్ల మీద ఉంచి రెండు అంచులూ పట్టుకుని మెల్లగా లాగండి. పొడవులో పదో వంతు దాటితే ఉబ్బు భాగాల పక్కన చిరుగులు మొదలవుతాయి. లాగాక రెండు వైపులా బరువులు పెట్టకపోతే వెనక్కి పోతుంది, పిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ తీరు అది.

గంధకం పోయడం

శుద్ధి చేసిన కడ్డీ లేదా గడ్డ గంధకం తీసుకోండి. మొక్కలకు చల్లే నీటిలో కలిసే గంధకపు పొడిలో వేరే పదార్థాలు ఉంటాయి, కరిగిస్తే నురగెత్తుతుంది, బుడగలు పోవు. 5 సెంటీమీటర్ల వ్యాసం, 6 మిల్లీమీటర్ల మందం పోతకు 25 గ్రాములు చాలు. గిన్నెకు అంటుకునేదీ, చల్లారకుండా నిలిచేదీ కలుపుకుని 60 గ్రాములు కరిగించండి.

గంధకం దాదాపు 115 డిగ్రీల్లో కరుగుతుంది. 120, 130 మధ్య లేత పసుపు రంగులో, నీళ్ళలా పలుచగా ఉంటుంది. మనకు కావలసింది ఈ ఇరుకు హద్దే. 150 దగ్గర తేనె రంగుకు వస్తుంది. 160 దాటగానే ఎర్రగా, ముదురుగా మారి బంకలా చిక్కబడుతుంది. మామూలుగా వేడి పెంచితే పలుచనవుతుందని అలవాటు పడ్డ చెయ్యి ఇక్కడ ఇంకా వేడి పెడుతుంది, అదే ప్రమాదం. గాలిలో 230 డిగ్రీల దగ్గర అది తనంతట తానే అంటుకుంటుంది. చిక్కబడితే వేడి ఆపి, 140 కిందికి దిగేదాకా ఆగండి, మళ్ళీ పలుచనవుతుంది.

కరిగిన మైనం గుండా గంధకాన్ని పంపితే అది అంటుకోదనీ, పోతలో చిన్న చిన్న 'కళ్ళు' పడవనీ రాతప్రతిలో ఒక సూచన ఉంది. కళ్ళంటే బుడగ గుంటలు. చేసి చూడాలంటే 60 గ్రాముల గంధకానికి 10 గ్రాముల తేనెమైనం వేసి 125 డిగ్రీల దగ్గర ఉంచండి. గంధకం బరువు కాబట్టి అడుక్కు దిగుతుంది, మైనం పైన మూతలా తేలి గాలి తగలనివ్వదు. పోసేముందు స్టీలు చెంచాతో మైనాన్ని పక్కకు తీసేయాలి. 135 దాటనివ్వకండి, పైన చెప్పిన కుళ్ళిన గుడ్డు వాయువు ఇక్కడే పుడుతుంది.

అచ్చును ఒక వైపు కొద్దిగా ఎత్తి, ముఖం నడుమ కాకుండా పల్లపు అంచు నుంచి సన్నటి ధారగా పోయండి. గంధకం ముఖం మీదికి పాకుతూ గాలిని ముందుకు తోస్తుంది. ముఖం మునగగానే అచ్చును చదునుగా దించి, మిగతాది ఆగకుండా నింపండి. ఆగి మళ్ళీ పోస్తే పొరల మధ్య అతుకు పడదు, తర్వాత అక్కడే రెండుగా విడిపోతుంది. గడ్డకట్టేటప్పుడు గంధకం ఘనపరిమాణం ఎనిమిదో వంతు వరకు తగ్గుతుంది కాబట్టి వెనక నడుమ గుంట పడటం సహజం. గట్టు అంచుకు కాస్త పైకే ఉబ్బేలా పోస్తే గుంట లోతు తగ్గుతుంది.

అరగంట కదపకండి. తర్వాత, తడి ఉన్న అచ్చయితే అంచులు వంచి ఒలిచేయొచ్చు. ఎండిన అచ్చును విరిచి తీయబోతే గంధకమే ముందు విరుగుతుంది. మొత్తాన్ని చన్నీళ్ళలో నాలుగైదు గంటలు నానబెట్టండి. గంధకం నీటిలో కరగదు, బ్రెడ్డు మెత్తబడుతుంది. మెత్తటి కుంచెతో కడిగేయండి. ఒక అచ్చుకు ఒక్కటే పోత, అంతకు మించి ఆశించకండి.

పోత ముఖం మీద గోధుమరంగు మరకలుంటే గంధకం ఎక్కువ వేడిగా పోశారు. సూదిమొన గుంటలైతే అచ్చులో తేమ, నున్నటి అంచుల పెద్ద గుంటలైతే అద్దేటప్పుడో పోసేటప్పుడో గాలి ఇరుక్కుంది. ముఖం మీద అడ్డంగా అలల్లాంటి గీతలు వస్తే గంధకం చల్లారిపోయి ధార ఆగి ఆగి పారింది. గీతలన్నీ మొద్దుబారి ఉంటే తప్పు పోతలో లేదు, గుజ్జు అప్పటికే చల్లారి ఉంది.

మైనంతో చేయాలంటే

గంధకం వద్దనుకునేవాళ్ళు తేనెమైనం పోయవచ్చు, కానీ నియమం తలకిందులవుతుంది. గంధకం ఎండిన గుజ్జులోకి అంతగా ఇంకదు. మైనం ఇంకిపోతుంది, ఎండిన అచ్చులో పోస్తే రెండూ ఒకటైపోతాయి. అందుకని మైనానికి తాజా, తడి అచ్చే మంచిది, ఆ తేమే మైనాన్ని అడ్డుకుంటుంది. మైనాన్ని 66, 68 డిగ్రీల దగ్గర, అంచున పొర కట్టబోయే ముందు పోయండి. ముడుచుకున్న చిన్న బొమ్మ మైనంలోనే కావాలంటే ఎండిన అచ్చు ముఖాన్ని తడి కుంచెతో ఒకసారి తుడిచి, నీరు మెరవడం ఆగగానే పోయాలి.

ఆ తర్వాత

గంధకపు పోతను వేళ్ళతో గట్టిగా పట్టుకోకండి. గంధకం వేడిని సరిగా ప్రసరింపజేయదు. చేతి వెచ్చదనానికే పైపొర వ్యాకోచించి చిటపటమని పగుళ్ళిస్తుంది. గుడ్డతో పట్టుకోండి. కొత్త పోత రెండు మూడు రోజుల్లో మెరుపు తగ్గి మరింత పెళుసు అవుతుంది. లోపలి స్ఫటికాల అమరిక మారడం వల్ల అలా అవుతుంది, పోతలో లోపం కాదు.

లోహంలో కావాలనుకుంటే ఈ గంధకపు బొమ్మనే నమూనాగా తీసుకుని పోత ఇసుకలో అద్ది, ఇసుక అచ్చులో లోహం పోయాలి. బొమ్మ మీద మెత్తటి బొగ్గుపొడి చల్లి, సమంగా, నెమ్మదిగా నొక్కండి. సుత్తిదెబ్బ ఒక్కటి చాలు రెండు ముక్కలవడానికి.

పోతల్ని వెండి, రాగి, కంచు వస్తువులకు దూరంగా, కాగితంలో చుట్టి పెట్టెలో దాచండి. గంధకం తగిలిన గుజ్జును పశువులకో పక్షులకో వేయకండి. గడ్డకట్టిన మిగులు గంధకాన్ని మళ్ళీ కరిగించి వాడుకోవచ్చు, బ్రెడ్డు తునకలు పూర్తిగా ఏరేశాకే.